మొక్కు బాకీ

వదినా, మొన్న మీరు బట్టలు ఆరేసుకుంట అడిగిన్రు గదా, "మీ కామారెడ్డిలో ఎవర్ని కదిలించినా ఏదో ఒక మొక్కు బాకీ ఉందంటారేంటండీ?" అని. అప్పుడే కుక్కర్ కూత పెట్టె, నేను లోపటికి ఉరికిన. ఇయ్యాల తీరిక దొరికింది. పిల్లలు బడికి పోయిన్రు, అత్తమ్మ కూరగాయల బండి కాడ బేరం చేస్తున్నది, అది ఇప్పట్ల తెగేది గాదు. గోడ నీడ గూడ మీ దిక్కే ఉన్నది. జరసేపు నిలబడుండ్రి, చెప్త.

మీరన్నది నిజమే. మా గల్లీల ఎవరింటికన్న పోయి అడుగుండ్రి. ఎదురింటామె, కొడుకు సౌదీకెళ్లి మంచిగ తిరిగొస్తే ఎములాడ రాజన్నకు కోడెను కడుత అని మొక్కింది. మూలమీది టైలరన్న, బిడ్డకు నర్సింగ్ సీటొస్తే భిక్కనూరు సిద్ధరామేశ్వరునికి అభిషేకం చేయిస్త అన్నడు. మా యారాలు వాళ్లమ్మ, కాన్పు సులువుగ అయితే చుక్కాపూర్ లక్ష్మీనర్సింహస్వామి కాడ పిల్లగాని పుట్టెంటికలు తీయిస్తం అని మొక్కింది. ఇగ మా అత్తమ్మకైతే రామారెడ్డి కాలభైరవుని కాడ ఒకటి, రాజన్న కాడ ఒకటి, బాసర సరస్వతమ్మ కాడ ఒకటి. కాయిదం మీద రాసుకునుడు లేదు, అన్ని యాదికే. ఎవరి కోసం మొక్కింది, ఏ ఏడు మొక్కింది, చెల్లించిందా లేదా, నడిరాత్రి నిద్ర లేపి అడిగినా తప్పు పోకుండ చెప్తది.

మీ భీమవరంల మావుళ్లమ్మకు మీరు మొక్కుకోరా? మొక్కుతరు. మా దగ్గర జర గట్టిగ మొక్కుతం, అంతే తేడా.

ఎందుకట్ల అంటే నాకు అర్థమైంది చెప్త. మా ఇండ్లల్ల "నువ్వంటే నాకు పానం" అనే మాట నోటెంట రాదు వదినా. మా అత్తమ్మ, మామయ్యలనే చూడుండ్రి. నేను కోడలుగ వచ్చిన కాడికెళ్లి వింటున్న, ఆమె ఆయనతోని అనే మాటలు: "తింటరా?" "గోలీ ఏసుకున్నరా?" "ఆ టీవీ సప్పుడు తక్కువ చేయుండ్రి." ఇంతే. ఆయనకు గుండెల నొప్పొచ్చి హైదరాబాద్ దవాఖానకు తోల్కపోతుంటే, అంబులెన్స్ తలుపు మూసేదాకా ఆమె కంట్ల నీళ్లు రాలే. బండి కదలంగనే సక్కగ దేవుని అర్రలకు పోయింది. పసుపు బట్టల ఒక రూపాయి బిళ్ల, పిడికెడు బియ్యం పెట్టి ముడుపు కట్టింది. "రాజన్నా, ఆయన నడుసుకుంట ఇంటికి రావాలె. నిలువెత్తు బెల్లం జోకిస్త" అన్నది. ఇన్నేండ్ల సంసారంల ఆమె చెప్పాల్సిందంత ఆ ఒక్క మాటల ఉన్నది. ఆయన ఇంటికొచ్చినంక ఎవరో ఆ సంగతి ఆయన చెవుల ఏసిన్రు. ఏం అనలే. ఆ నెలంత టీవీ సప్పుడు తక్కువ పెట్టుకోని చూసిండు.

అందుకే నేనంట, ఒకింట్ల ఎవరి మీద ఎవరికి ఎంత పానం ఉన్నదో తెలువాలంటే మొక్కుల లెక్క చూడాలె.

బెల్లమంటే మా ఊరే వదినా. చెరుకుకు, బెల్లానికి కామారెడ్డికి ఎన్కటి సంది పేరు. ఇప్పుడు చెరుకు తగ్గి మక్కలు, వరి ఎక్కువైనయి గని, బెల్లం బజారు దిక్కు పోతే ఇప్పటికీ ఆ వాసన ముక్కుకు తగులుతది. రెండేండ్లకొకసారి మేడారం జాతర వస్తది గదా, ఆడ సమ్మక్క, సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటరు. మనిషి బరువంత జోకి ఇస్తే నిలువెత్తు బంగారం. మేడారం పోయేటోళ్లు ముందుగాల ఎములాడ రాజన్నను మొక్కి, ఆ తర్వాతనే పోతరు. మా అత్తమ్మ మొక్కింది రాజన్నకే. మామయ్యకు పానం బాగై, ఆకలి పెరిగి, ఒళ్లు చేసిండు. అత్తమ్మకు ఒకటే రంది: "ఆయన ఇంకింత బరువెక్కకముందే పోదాం పా బిడ్డా, బెల్లం ధర పిరమైంది."

పోయినం. ఇల్లంత కదిలినం, యారాలు వాళ్లు గూడ. బెల్లం జోకించి, కోడెను గూడ కట్టినం. మీరు ఎములాడ చూడలేదు గదా, కోడె మొక్కు ఎట్లుంటదో చెప్త. ధర్మగుండంల తానం చేసి, తడి బట్టలు మార్చుకోని, టికెట్ తీసుకుంటే కోడె తాడు చేతికిస్తరు. ఇంటాయన ముందట తాడు పట్టుకుంటడు, ఎనుక ఇల్లాలు, ఆమె ఎనుక పిల్లలు, అందరి చెయ్యి ఆ తాడు మీద ఉండాలె. గట్లనే గుడి చుట్టు తిరుగుతరు. తిరిగి వచ్చి కట్టేసి, దాని నొసట బొట్టు పెట్టి మొక్కుతరు. మా చిన్నోడు మొదట బుగులుపడి నా కొంగు సాటుకు పోయిండు. కోడె దిక్కు చూస్తడు, దాని కొమ్ముల దిక్కు చూస్తడు. కట్టేసినంక వాళ్ల తాత ఒక బెల్లం ముక్క వాని అరచేతుల పెట్టి ముందటికి తోసిండు. గరుకు నాలికెతోని అది చెయ్యి నాకంగనే వాడు కితకితలు పెట్టినట్టు నవ్వుడు షురూ చేసిండు. మామయ్య ఆ నవ్వు చూసుకుంట, కండ్లు తుడుసుకున్నడు. అత్తమ్మ చూసి గూడ చూడనట్టే నిలబడ్డది.

ఆ గుడి ఆవరణలనే ఒక దర్గ గూడ ఉన్నది. రాజన్నను మొక్కినోళ్లు అటు పోయి గూడ చక్కెర చదివిస్తరు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మా అత్తమ్మ ఆడ చక్కెర పొట్లం ఇప్పి పిల్లలకు తలా ఇంత పెట్టినప్పుడు నాకు మా అమ్మ యాదికొచ్చింది.

మా తల్లిగారిది ఎల్లారెడ్డి. మీరు ఎప్పుడన్న పోతే జర చూసి బస్సెక్కుండ్రి. సదాశివనగర్ దిక్కు అడ్లూర్ ఎల్లారెడ్డి అని ఒకటున్నది, సిరిసిల్ల దిక్కు ఎల్లారెడ్డిపేట అని ఇంకోటున్నది. మాది తాడ్వాయి, లింగంపేట మీదికెళ్లి పోవాలె. లింగంపేటల నాగన్న బావి అని రాతి మెట్ల బావి ఉన్నది. నేను చిన్నగున్నప్పుడు పిచ్చి చెట్లు మొలిచి ఉండె, ఇప్పుడు పూడిక తీసి మంచిగ చేసిన్రు. దిగి చూడుండ్రి, ఆ రాళ్ల మీద చెక్కిన పని చూస్తే కట్టినోళ్లకు నీళ్ల మీద ఎంత భక్తి ఉండెనో తెలుస్తది.

ఎల్లారెడ్డిల మా అమ్మ దేవుని అర్ర చిన్నది. దాంట్ల ఉన్న దేవుండ్లు మాత్రం ఎక్కువ. శుక్రారం పోచమ్మకు కల్లు సాక, శనివారం ఎంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు, పీర్ల పండుగకు మలీద. ఆ మలీద చేసే పద్ధతి ఇప్పటికీ నా కండ్ల ముందట కనపడుతది. గోధుమ రొట్టెలు మందంగ చేస్తది, పెనం మీదికెళ్లి తీసి వేడి మీదనే తుంపుతది. వేళ్లు కాలుతయి, ఊదుకుంట తుంపుతది. చల్లారితే రొట్టె సాగుతది, పొడి గాదు. అండ్ల తురిమిన బెల్లం ఏసి, నెయ్యి పోసి, రెండు చేతులతోని పిసుకుతది. బెల్లం కరిగి రొట్టె పొడికి పట్టినంక ముద్దలు చేసి పెడుతది. అందాక ఎవరూ నోట్ల ఏసుకోవద్దు. మేము గిన్నె చుట్టు కూసోని ఆ ముద్దలనే చూసుకుంట ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు గూడ గదే గిన్నె, గదే మలీద. గౌరమ్మకు ఏ ముద్ద పెట్టిందో పీర్లకు గదే ముద్ద పెట్టింది మా అమ్మ.

పీర్లు లేసినయంటే మా గల్లీల పొద్దుమీకినంక ఒక్కరు ఇంట్ల ఉండేటోళ్లు గాదు. డప్పులు, ఊదు పొగ, గుండం చుట్టు "అసోయ్ దూలా" అనుకుంట మొగోళ్ల ఆట. ఆడోళ్లు కుడుకలు, దట్టీలు పట్టుకోని వరుసల నిలబడుదురు. పీరును ఎత్తుకునేటోళ్లల్ల హిందువులు గూడ ఉంటరు. నాకు చిన్నప్పుడు జరమొచ్చి ఎంతకూ తగ్గకుంటే మా అమ్మ పీర్ల కొట్టం కాడికి తోల్కపోయి నెమలీకల కట్టతోని నెత్తి మీద తట్టించింది. డాక్టర్ ఇచ్చిన మందు గూడ తాపింది. ఏది పనిచేసిందో మా అమ్మ ఎప్పుడు అడగలే. రెండిండ్ల మొక్కు గూడ తీర్చింది: దట్టీ కట్టింది, డాక్టర్ ఇంటికి మలీద పంపింది.

మా అమ్మ దోస్తు ఒక టీచరమ్మ ఉండె, క్రైస్తవులు. ఆమె ఎంబడి మేము మెదక్ చర్చికి పోయేటోళ్లం. ఎల్లారెడ్డికెళ్లి మెదక్ పోవాలంటే నాగిరెడ్డిపేట, పోచారం అడవి దాటాలె. జింకలు కనపడుతయని కిటికీ కాడ కూసోను మేము కొట్లాడేది. ఆ చర్చి ముచ్చట మీకు చెప్పాలె. చార్లెస్ వాకర్ పాస్నెట్ అని ఇంగ్లండుకెళ్లి వచ్చిన పాస్టరు దాన్ని కట్టించిండు. 1914ల పని మొదలువెట్టి, 1924 డిసెంబర్ 25 నాడు ప్రతిష్ఠ చేసిన్రు. గోపురం 175 అడుగులు. అప్పట్ల ఈ దిక్కంత కరువు. పని చేసినోళ్లకు తిండి పెట్టుకుంట కట్టించిన్రు. నాకు ఆ రంగుల అద్దాల కంటె ఈ సంగతే పెద్దగ అనిపిస్తది. తినడానికి లేని జనానికి పని చూపెట్టి, ఆ పనితోని బువ్వ పెట్టి, ఆ బువ్వతోనే గుడి లేపిన్రు. మా అమ్మ ఆడ గూడ కొవ్వొత్తి ముట్టిచ్చి, చెంపలు ఏసుకోని, "తల్లీ" అని మొక్కేది. టీచరమ్మ నవ్వి ఆమె చెయ్యి పట్టుకునేది.

ఇగ కామారెడ్డి ముచ్చటకొస్త. మా అత్తగారింట్ల వారాల లెక్క ఒకటున్నది. సోమవారం రాజన్నది, నీసు వండద్దు. బేస్తవారం సాయిబాబా. శనివారం ఎంకటేశ్వరస్వామి, ఆంజనేయుడు. మంగళారం మామయ్యకు కాలభైరవుడు. శుక్రారం లక్ష్మీదేవి. మిగిలినయి బుధవారం, ఆదివారం. బుధవారం నాడు ఏకాదశో, అమాసో పడితే మా మరిది మొఖం చూడలేం. శ్రావణమొస్తే నెలంత బంద్, కార్తీకమొస్తే నెలంత బంద్. దసరా నాడు మటన్ షాపు కాడ వరుసల ముందట నిలబడేది మా మరిదే.

మా ఆయన అయ్యప్ప మాల ఏసుకున్న ఏడు మీరు మా ఇల్లు చూడాల్సి ఉండె. 41 దినాలు. తెల్లారకముందే సన్నీళ్ల తానం, చాప మీద పండుకునుడు, ఒక పూట భిక్ష. ఇంట్ల అందరూ ఆయనను "స్వామీ" అనే పిలవాలె, కన్నతల్లి గూడ. ఆయన నన్ను "మాతా" అనాలె. "మాతా, జర ఆ తువ్వాల ఇస్తరా?" "స్వామీ, వచ్చేటప్పుడు ఉల్లిగడ్డ తెండ్రి. అయ్యో, మీరు ఉల్లిగడ్డ తినరు గదా స్వామీ, ఆలుగడ్డ తెండ్రి." ఆ 41 దినాలు మా ఇంట్ల ఒక్క గట్టి మాట లేదు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా "స్వామి శరణం" అనుకోని కట్టిండు. మా బిడ్డ అన్నది, "నాయినా, మాల తీసినంక గూడ గిట్లనే ఉండరాదు?" అని. ఆయన నవ్విండు గని ఆ మాట ఆయనకు తాకింది. మాల తీసి ఇన్ని దినాలైనా పొద్దుగాల లేసి వాకిట్ల నీళ్లు తనే కొడుతున్నడు. మీరు చూస్తనే ఉంటరు.

ఈ మొక్కుల బలం నేను నిజంగ చూసింది మాత్రం 2025 ఆగస్టు 27 నాడు. అప్పటికి మీరు రాలేదు గదా. వినాయక చవితి. తెల్లారేసరికే ఆకాశం తూటు పడ్డట్టు వాన. రాజంపేట మండలం అర్గొండల 40 సెంటీమీటర్లు దాటింది. మా ఊళ్లె పల్లం కాలనీలల్ల ఇండ్లు మునిగినయి, నిలబెట్టిన కార్లు కొట్టుకపోయినయి. తలమడ్ల, భిక్కనూరు నడుమ రైలు పట్టాల కింది మట్టి కోసుకపోయి రైళ్లు నిలిచినయి, 44 నంబర్ హైవే మీద బండ్లు బారులు కట్టినయి. మా ఇల్లు జర ఎత్తు మీద ఉన్నది. మట్టి గణపతిని పీట మీద పెట్టినం, పత్రి పరిచినం, కుడుములు ఆవిరి మీద ఉన్నయి. తలుపు కొట్టిన సప్పుడైంది. పల్లం గల్లీలకెళ్లి రెండు కుటుంబాలు, ముసలోళ్లు, పిల్లలు, నెత్తి మీద బియ్యం సంచి ఒకటి. తడిసి గజగజ వణుకుతున్నరు.

అత్తమ్మ మడి కట్టుకోని ఉన్నది. ఆమె పూజ కాక ముందు పొయ్యి కాడికి పిల్లలను గూడ రానియ్యది. ఆ దినం నా దిక్కు చూసి, "కుడుములు దించు, ముందుగాల పిల్లలకు పెట్టు" అన్నది. "దేవునికి చూపెట్టలేదు గదా అత్తమ్మా" అన్న. "వచ్చింది ఎవరనుకున్నవ్?" అన్నది. అంతే. దేవునికని చేసిన కుడుములు, పప్పు, పులిహోర అన్ని ముందుగాల వాళ్లే తిన్నరు. కరెంటు లేదు. దీపం ఒక్కటే. కథ చదువుదామంటే పుస్తకం మీద ఎవరి పిల్లగాడో నిద్రపోయిండు. అయినా ఆ ఏడు చేసినంత మంచి చవితి మేము ఎప్పుడు చేయలే అని మా మామయ్య ఇప్పటికీ అంటడు.

ఆ రాత్రే, అటు పక్కింటి అక్క, బీడీలు చేస్తది చూడుండ్రి, ఆమె తమ్ముడు నాగిరెడ్డిపేట దిక్కు ఉంటడు. పోచారం డ్యాంకు ఎన్నడూ రానంత వరద వస్తున్నదని, తెగుతదేమోనని జనం బుగులుపడుతున్నరు. 1922 నాటి కట్టడం. ఫోన్లు కలుస్తలేవు. ఆమె గోడకు ఆనుకోని కూసోని ఏడుపాయల దుర్గమ్మకు మొక్కింది. ఏడుపాయల గుడి ముందట గూడ మంజీర పొంగుతున్నది. గట్ల వరదొచ్చినప్పుడు గుడి మూసి, అమ్మవారి ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం కాడ పెట్టి పూజ చేస్తరు. తనే నీళ్ల నడుమ ఉన్న తల్లికి ఈమె మొక్కింది, "నా తమ్ముని ఇల్లు నీ నీళ్లతోని ముంచకు తల్లీ" అని. మేమందరం ఆమె చుట్టే కూసున్నం. తెల్లారినంక ఫోన్ కలిసింది. డ్యాం ఒక పక్క మట్టి కోసుకపోయింది గని నిలబడ్డది. తమ్ముడు "అక్కా" అనంగనే ఆమె ఏం మాట్లాడలే. ఫోన్ మా అత్తమ్మ చేతుల పెట్టి బాయికాడికి పోయి మొఖం కడుక్కోని వచ్చి, "చాయ్ పెట్టు చెల్లె" అన్నది. వందేండ్ల కింద ఆ కట్ట కట్టిన కూలోళ్లకు, మేస్త్రీలకు గూడ మొక్కాలె వదినా. దేవుడు కాపాడిండని నేను నమ్ముత. వాళ్ల చేతి పనితోనే కాపాడిండని గూడ నమ్ముత.

ఆ అక్క గురించి ఇంకో ముచ్చట. పగటాల అరుగు మీద చాట ఒళ్ల పెట్టుకోని కూసుంటది చూసిన్రా? తడి బట్టల చుట్టిన తునికాకు తీసి, కత్తెరతోని ఒక్క తీరుగ కత్తిరిస్తది, ఇంత తంబాకు పోస్తది, చుడుతది, దారం కడుతది. మన దిక్కు చూసుకుంటనే మాట్లాడుతది, చేతులు మాత్రం ఆగయి. కూలి వెయ్యి బీడీల లెక్కన. పెనిమిటి అబుదాబీల ఉంటడు. ఇక్కడ సంధ్యాదీపం పెట్టేసరికి ఆరున్నర అయితే ఆయనకు ఆడ అయిదు. ఆయన పనికెళ్లి బయటపడుతుంటడు. ఈమె ఫోన్ దీపం ముందట పెడుతది, ఆయన బస్సుల నిలబడి చూస్తడు. రోజూ. 2024 ఫిబ్రవరి 14 నాడు అబుదాబీల పెద్ద రాతి మందిరం తెరిచిన్రు గదా. ఆయన చుట్టీ దినం పోయొచ్చిన అని ఫోన్ చేసిండు. వాళ్లత్త అడిగిన మొదటి మాట, "ఆడ ప్రసాదం పెట్టిన్రా బిడ్డా? కడుపునిండ తిన్నవా?" అని. మా దిక్కు భక్తి అంత ఈ మాట కాడికే వచ్చి ఆగుతది: తిన్నవా?

మా బిడ్డ పదో తరగతి. దానికన్ని ప్రశ్నలే. పరీక్షలప్పుడు హాల్‌టికెట్ హనుమంతుని పాదాల కాడ పెట్టియ్యంగనే అడిగింది, "నాయినమ్మా, దేవుడు లంచం తీసుకుంటడా?" అని. నేను కోపం చేద్దామనుకునే లోపటనే అత్తమ్మ అందుకున్నది. "లంచమైతే పని గాకముందే ఇయ్యాలె బిడ్డా. మొక్కు పనైనంక చెల్లిస్తం. నమ్మకం మీద ఉద్దెర ఇచ్చేటోడు దేవుడొక్కడే. మన కిరాణం సేటు గూడ నెల దాటితే ఇయ్యడు." నా బిడ్డ మల్ల అడిగింది, "పని గాకపోతే?" అత్తమ్మ జరసేపు పలకలే. మా ఆయనకు ముందు ఆమెకు ఒక కొడుకు పుట్టి పోయిండు. అప్పుడు గూడ మొక్కింది. "గాకపోతే గూడ చెల్లించిన" అన్నది. "వాని కోసం మొక్కింది నేను గదా, వాడు పోతే నా మాట పోతదా?" నా బిడ్డ ఇంకేం అడగలే. ఆ దినం నాయినమ్మ పక్కనే పండుకున్నది.

అట్లని అన్నిటికి నేను ఒప్పుకోను వదినా. మొక్కు పేరు మీద వడ్డీకి తెచ్చి రెండు యాటలు కోసి, డీజే పెట్టి, ఊరందరిని పిలిచి, ఆ తర్వాత మూడేండ్లు ఆ అప్పు కట్టుకుంట ఇంట్ల కొట్లాడుకునుడు నాకు నచ్చది. మొక్కింది ఒక కొబ్బరికాయ అయితే ఒక కొబ్బరికాయనే కొట్టాలె. పక్కింటోళ్లు చేసిన్రని చేసేది మొక్కు గాదు. ఈ మాట మా యారాలుతోని గూడ అన్న, ఆమె నారాజైంది. అయినా అంట.

ఇంకో సంగతి. ఆడోళ్ల మొక్కులు ఏండ్లకేండ్లు ఎందుకు బాకీ ఉంటయో తెలుసా? బస్సు కిరాయికి. పెనిమిటి ఇచ్చినప్పుడు, కొడుకు తోల్కపోయినప్పుడు పోవాలె. 2023 డిసెంబర్ 9 నాడు మహాలక్ష్మి పథకం మొదలైనంక, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపెడితే సున్నా టికెట్ కొట్టి ఇస్తరు. అప్పటి సంది సోమవారం ఎములాడ బస్సు చూడుండ్రి, నిలబడ జాగ ఉండది. ఎన్నడూ ఊరు దాటని ముసలవ్వలు, చేతుల కొబ్బరికాయ సంచి పట్టుకోని, కొడుకును అడగకుండనే ఎక్కుతున్నరు. పక్కింటి అక్క గూడ ఏడుపాయల మొక్కు గట్లనే తీర్చుకున్నది. నేను ఎంబడి పోయిన. గుడి ముందట నీళ్లు దిగి, రాళ్లు తేలి, మంజీర సన్నగ పారుతున్నది. ఆమె ఒడిబియ్యం పోసి, తమ్ముని పేరు చెప్పి, ఇంకేం అడగకుండ వచ్చేసింది.

అగో, అత్తమ్మ వస్తున్నది, బేరం తెగినట్టున్నది. వదినా, వచ్చే సోమవారం మేము భిక్కనూరు సిద్ధరామేశ్వరుని కాడికి పోతున్నం, టైలరన్న బిడ్డకు సీటొచ్చింది, అభిషేకం చేయిస్తున్నరు. మీరు గూడ రాండ్రి. మీ అత్తమ్మగారిని గూడ తీసుకరాండ్రి, ఆమెకు ఈడ ఎవరూ తెల్వక దినమంత కిటికీ కాడనే కూసుంటున్నరు. ఆమెకు మీ దిక్కు ఏదన్న మొక్కు బాకీ ఉన్నదేమో ఇయ్యాల రాత్రి అన్నం పెట్టేటప్పుడు అడిగి చూడుండ్రి. ఎవరి కోసం మొక్కిన్రో గూడ అడుగుండ్రి. మీ ఆధార్ కార్డుల తెలంగాణ అడ్రస్ మార్పించుకోండ్రి, లేకపోతే సున్నా టికెట్ కొట్టరు.